పాలపళ్ళ తాతగారు

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ పళ్ళ ఆసుపత్రి ఆఫీసులో ఆ కొమ్ములు రోజూ పెద్దకోడలికే గుచ్చుకునేవి. విచిత్రమేమిటంటే వాటిని తెచ్చిపెట్టుకుంది తానే. మరిది పెళ్ళయిన ఏడాదికి, "మా తోడికోడలు బాగా చదువుకుంది సార్, ఇంట్లో ఊరికే కూర్చుంటోంది" అని పెద్ద డాక్టరుగారిని బతిమాలి ఉద్యోగం ఇప్పించింది. ఇద్దరూ ఒకే బల్లకు చెరోవైపు కూర్చునేవారు. ఆఫీసంతా వాళ్ళను పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేది.

రిపోర్టుల విభాగానికి ఇన్‌ఛార్జిని వేస్తానని డాక్టరుగారు అన్నప్పటినుంచి పెద్దకోడలికి మనసు మనసులో లేదు. కౌంటరులో చీటీలు రాసిన నాటినుంచి ఆ కుర్చీ తనదేననుకుంటోంది మరి.

ఈలోగా ఆయన ఒక రిపోర్టు అడిగారు. డేటాబేసులో రోగి వచ్చిన ప్రతిసారీ ఒక వరుస పడుతుంది. పిప్పిపన్ను చూపించుకున్నది ఒక వరుస, పీకించుకున్నది ఇంకో వరుస. అలా చెల్లాచెదురుగా ఉన్నవన్నీ కలిపి మనిషికి ఒక్క వరుస చేయాలి, చేసిన వైద్యమంతా అందులో పక్కపక్కనే రావాలి. పెద్దకోడలైతే ఒక్కొక్కటే అతికిస్తూ వారాలు కూర్చునేది. చిన్నకోడలు టీ చల్లారేలోపు, కంప్యూటరే అన్నీ కలిపేసేలా ఒక క్వెరీ రాసి పడేసింది.

"అక్కా, ఒకసారి చూసిపెట్టవా? నువ్వు బాగుందంటే పంపేస్తాను."

ఆ వినయం చూస్తే పెద్దకోడలికి ఇంకా ఒళ్ళు మండింది. ఇంట్లో అత్తగారికీ చిన్నదే ముద్దు. వంట చేస్తే మెచ్చుకోలు, చేయకపోతే "పాపం, అలిసిపోయింది" అని జాలి. పెద్దది మాత్రం ఇనుముతో చేసిన మనిషి కాబోలు!

స్క్రీను మీద వేలు జరుపుతూ ఆమె ఒకచోట ఆగింది. డెబ్బై దాటిన తాతగారు. ఆయన వరుసలో కట్టుడుపళ్ళు ఉన్నాయి. పక్కనే పాలపన్ను తీసినట్టుంది. ఆ పక్కన, గర్భిణి కాబట్టి ఎక్స్‌రే వద్దని రాసుంది.

సంగతి క్షణంలో అర్థమైంది. ఊళ్ళో ఉన్న తమ ఆసుపత్రి బ్రాంచీల్లో ఒక్కోచోట ఒక్కో కార్డు నంబరు ఇస్తారు కాబట్టి చిన్నది ఫోను నంబరును పట్టుకుని వరుసలు కలిపింది. కౌంటరులో జనం ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను నంబరు రాయిస్తారు. తాత, కోడలు, మనవడు కలిసి ఒకే మనిషైపోయారు. నంబరుతో పాటు పేరూ పుట్టినతేదీ కూడా చూడమని ఒక్క మాట అంటే చాలు.

పెద్దకోడలికి నవ్వాగలేదు. ఊరకున్నంత ఉత్తమం లేదనుకుంది.

"బాగుందే. పంపెయ్."

మర్నాడు మీటింగులో డాక్టరుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఈ తాతగారికి పాలపళ్ళు ఇప్పుడు ఊడుతున్నాయా? పైగా కడుపుతో ఉన్నారా?"

గది ఘొల్లుమంది. చిన్నకోడలి ముఖం చిన్నబోయింది. పెద్దకోడలి కడుపు చల్లబడింది, ఎన్నాళ్ళకో.

"పంపేముందు మీరు చూడలేదా?" డాక్టరుగారు పెద్దకోడలివైపు తిరిగారు.

ఆమె ముందున్న కాగితాలు సర్దడం మొదలెట్టింది.

"అక్క చూసింది సార్," అంది చిన్నకోడలు. "ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను నంబరు ఉంటుంది, పేరూ పుట్టినతేదీ కూడా కలిపి చూడమని చెప్పింది. నేనే తొందరపడ్డాను."

ఇన్‌ఛార్జి కుర్చీ అక్కడికక్కడే పెద్దకోడలికి దక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు, చిన్నకోడలితో సహా.

బయటికి రాగానే పెద్దకోడలు ఆమెను మెట్ల దగ్గర ఆపింది. "అలా ఎందుకు చెప్పావే?"

"నువ్వు ఆ వరుస దగ్గర ఆగి నవ్వుకోవడం చూశానక్కా. ఏముందో అప్పుడు తట్టలేదు, ఇందాక డాక్టరుగారు అడిగాకే అర్థమైంది. నువ్వు బాగుందన్నావు కదా, నమ్మాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "అందరిముందూ నీ పరువు తీసి, మళ్ళీ నీ పక్కనే కూర్చుని అన్నమెలా తినను? కానీ ఇకమీదట నా పని నేనే చూసుకుంటాలే."

తిట్టినా బాగుండేది, ఇద్దరూ సరిసమానమయ్యేవారు. పెద్దకోడలు మెట్ల మీదే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ దాని చదువు చూసి, చురుకు చూసి కుళ్ళుకుంది. అవి కష్టపడితే తనకూ వస్తాయేమోనన్న ఆశైనా ఉండేది. ఇప్పుడు దాని మనసు చూసి అసూయగా ఉంది.