మడుగు అడుగున

కొక్కెం బాబాయి వంతెన పిట్టగోడకి పొట్ట ఆనించి, కింద ఇరుక్కున్న దుంగను పొడవాటి గడతో కెలుకుతున్నాడు. గడ చివర ఇనుప కొక్కెం. వానలకి కొండ మీద నుంచి కొట్టుకొచ్చే చెట్టూ చేమా వంతెన కమానుల్లో అడ్డం పడితే, ఏరు వెనక్కి తన్ని కింది వీధి ఇళ్లలో దూరుతుంది. అలా దూరకుండా చూడడమే మునిసిపాలిటీ వాళ్లు అతనికిచ్చిన పని. పెళ్లికి ముందు నుంచీ అదే. అసలు పేరు ఎప్పుడో పోయి కొక్కెమే మిగిలింది.

పని మామూలుదే గానీ మనిషికి ఆరా జాస్తి. విరిగిన కుర్చీకాలు వచ్చినా తిప్పి తిప్పి చూసి, "ఇదెవరింటిదో!" అనకుండా ఉండలేడు. మేకులు దిగిన తీరు చూసి, ఆ వడ్రంగిది ఎడమచేతి వాటమని తేల్చేవాడు. "లోకంలో ఊసులన్నీ నీకే కావాలి," అని భార్య దెప్పేది. ఆమెది వంతెన పక్కనే టీ బడ్డీ. పిల్లలు లేరు. ఆ లోటు గురించి మాట్లాడుకోవడం ఇద్దరూ మానేశారు. ఏరు తెచ్చినవాటి గురించి మాత్రం అన్నం తింటూ కూడా వాదించుకునేవారు.

అతన్ని ఇన్నేళ్లూ ఊరించింది నడి కమాను కింది మడుగు. ఎంత పొడుగు గడ వేసినా అడుగు అందదు. "అందులో ఏముందో ఒక్కసారి చూడాలే," అంటే, "చూసి ఏం చేస్తావు? కాపురం పెడతావా?" అనేది ఆమె.

ఆ ఉదయం దుంగ కొక్కేనికి దొరక్కుండానే కిందికి జారిపోయింది. తొంగి చూస్తే నీళ్లు లేవు. చూస్తూండగానే రాళ్లు బయటపడి, అంత ఏరూ పిల్లకాలువైపోయింది. కింది వీధి జనం బుట్టలు పట్టుకుని బిలబిలా దిగి, గిలగిలా కొట్టుకుంటున్న చేపల్ని ఏరుకుంటున్నారు.

భార్య బడ్డీలోంచి పరుగెత్తుకొచ్చింది. "వానల్లో ఏరు ఎండడమేంటయ్యా? పైన కొండ విరిగి అడ్డం పడుంటుంది. నీళ్లన్నీ అక్కడ పేరుకుంటున్నాయి. అది తెగిందంటే ఒక్కళ్లు మిగలరు. రమ్మను వాళ్లని!"

ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసే దిగారు. కళ్లెదుట చేప ఎగురుతుంటే ఎక్కడో ఉన్న కొండ ఎవరికి గుర్తుంటుంది?

బాబాయి గట్టు మెట్లు దిగి గొంతు చించుకున్నాడు. విననివాళ్లని గడతో అదిలించాడు. "ఈ ఒక్క చేప, బాబాయ్!" అన్న మంగలిని చెవి పట్టుకుని లాక్కొచ్చాడు. "ఊపిరుంటే ఉప్పమ్ముకుని బతకొచ్చురా, ఎక్కు!"

అందరూ ఎక్కారు. అతనెక్కలేదు. మడుగు అంచు రాయి ఎప్పుడు చీలిందో, నీళ్లన్నీ ఆ సందులోంచి జారిపోయి లోపల మోకాలి లోతే మిగిలాయి.

"ఏమయ్యో, రా!"

"ఇలా చూసి అలా వచ్చేస్తానే."

"నీ అసాధ్యం కూలా! చిన్నపిల్లాడివా?"

ఆమెకి ఒకపక్క ఒళ్లు మండుతోంది, ఒకపక్క భయం. సగం మెట్లు దిగి నిలబడింది. అతను బురదలో వంగి రెండు చేతులా దేవుతున్నాడు. ఏదో దొరికింది. టీ కెటిల్! మెట్ల దాకా వచ్చి అందించాడు. ఆమె అతని మణికట్టు పట్టుకోబోయింది గానీ చేతికి కెటిలే తగిలింది.

"చూడవే, పిడికి తీగ ఎంత ముద్దుగా చుట్టారో! ఎవరిదో పాపం. నీ బడ్డీకి పనికొస్తుంది. మూత కూడా అక్కడే ఉంటుంది."

"మూత లేకపోతే కొంపలేం మునగవు, రావయ్యా!"

"వస్తున్నానే."

పై మలుపులో రాళ్లు దొర్లుతున్న చప్పుడైంది. అతను తలెత్తి అటు చూశాడు. ఆ మొహంలో భయం లేదు, అదేమిటో చూద్దామన్న ఆత్రమే ఉంది. మంగలి పరుగున దిగి ఆమె రెక్క పట్టుకుని పైకి ఈడ్చుకుపోయాడు. నీళ్లొచ్చి నడి కమానుని నింపేశాయి.

కమానుల్లో అడ్డమేమీ లేకపోవడంతో వరద వచ్చింది వచ్చినట్టే దాటిపోయింది. కింది వీధిలో గడపలు తడిశాయి, అంతే. సాయంత్రం ఆడవాళ్లు వచ్చి, ఇంటికి పోదాం రమ్మని ఎంత బతిమాలినా ఆమె పిట్టగోడ దగ్గర నుంచి లేవలేదు.

"మూత దొరికిందో లేదో," అంది.

తీగ చుట్టిన పిడితో, నిండా బురదతో, కెటిల్ ఆమె మోకాలికి ఆనుకుని ఉంది.