రేకుల కింద గోరింక

మా ఆయన బండ్ల మెకానిక్కు. పానా పట్టకముందు కళ్లు మూసుకుని ఇంజిన్ చప్పుడు వింటారు. రోగం చెవికి తెలిశాకే ఆయన చెయ్యి కదులుతుంది. అలాంటి మనిషి ఒక స్కూటర్‌ని విప్పిందే విప్పి, తల పట్టుకుని ఇంటికొచ్చారు.

"ఇంజిన్ ఆపినా టకటకమంటోందే! మీ తమ్ముణ్ణి అడిగితే ఏమీ వినబడట్లేదంటాడు. నా చెవులు పోయాయి. ఇక షాపు వాడికే అప్పగించేస్తా" అన్నారు. కళ్లల్లో నీళ్లు.

నా ప్రాణం ఉసూరుమంది. షాపులో చేతికింద ఉండే మా తమ్ముడికి ఏం వినబడుతుంది? ఆ చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే! వాడి చేతిలో పెడితే షాపు మటాషే.

మర్నాడు పొద్దున్నే వెళ్లి షాపులో తిష్ట వేశాను. బండ్లన్నీ ఆపే ఉన్నాయి. అయినా టకటక! తలెత్తి చూద్దును కదా, రేకుల కింద గోడ కన్నంలో చుక్కల గోరింక. నేల మీద ఒలికిన ఆయిల్‌లా నల్లటి ఒళ్లు, ఎండ తగిలినచోట ఊదా, పచ్చ మెరుపులు, దాని మీద తెల్లచుక్కలు, పసుప్పచ్చ ముక్కు. గడ్డితోపాటు మా ఆయన చేతులు తుడుచుకునే పేలికలు కూడా గూట్లో కుక్కింది, దొంగమొహంది! పైగా గొంతు ఉబ్బించి, రెక్కలు విదిలిస్తూ టకటకమని కచేరీ.

"ఏమండీ! మీ చెవులు నిక్షేపంగా ఉన్నాయి. అదిగో, మీ రోగం అక్కడుంది!" అని అరిచాను.

ఆయన నోరెళ్లబెట్టారు. తరవాత ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నారు.

"ఇది అసలు స్కూటర్ చప్పుడే కాదే. గోరింక విన్న చప్పుడు విన్నట్టే దింపేస్తుంది. రోజూ ఇటే పోతుందే, ఆ రొట్టెల వ్యానుది! దాని ఇంజిన్‌లో టాపెట్లు వదులయ్యాయి."

"పిట్టకూతకి రిపేరేంటి బావా! పరువు పోతుంది" అన్నాడు మా తమ్ముడు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వాగలేదు.

వ్యాను రాగానే ఈయన రోడ్డుకి అడ్డంపడి ఆపారు. డ్రైవరు లబోదిబోమంటున్నా వినకుండా ఇంజిన్ మూత విప్పారు. టాపెట్లు నిజంగానే వదులు! నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. మా తమ్ముడు చెవుల్లోవి పీకి జేబులో పెట్టుకున్నాడు.

"నేను బండి చూపించనే లేదు కదా, మీకెవరు చెప్పారండీ?" అన్నాడు డ్రైవరు.

మా ఆయన గూటివైపు కన్నెత్తయినా చూడలేదు. మీసం దువ్వుకుని, "నా చెవులు" అన్నారు.