మూడుసార్లు ఏకిన దూది

పన్నెండో రాత్రి కూడా మనవరాలు పిచ్చుకకు ముక్కు దిబ్బడ వేసింది.

నానమ్మ మంచం పక్కన పీట వేసుకుని, చీకట్లో ఆ ఊపిరినే వింటోంది. నాలుగేళ్ళ పిల్ల నోరు తెరుచుకుని, గొంతులో గరుకుగుడ్డ లాగుతున్నట్టు గాలి పీలుస్తోంది. వదిలేటప్పుడు సన్నగా ఈల వస్తోంది. నాలుగు ఊపిర్లు ఎలాగోలా నడుస్తాయి, అయిదోది సగంలో ఆగిపోతుంది. అది మళ్ళీ అందుకునేదాకా నానమ్మ కూడా ఊపిరి బిగబట్టుకునే ఉంటుంది.

అవతలి గదిలో కోడలు సంచీ సర్దుకుంటోంది. పొద్దున్నే మొదటి బస్సుకు పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్తానని సాయంత్రమే చెప్పేసింది. లారీ మీద వెళ్ళిన కొడుకు ఫోనులో అడిగితే మీ ఇష్టం అని తప్పుకున్నాడు. కోడలి మాట మాత్రం కత్తెరతో కత్తిరించినట్టే ఉంది.

"ఈ ఇల్లు దానికి పడట్లేదు అత్తయ్యా. అక్కడ తగ్గితే అక్కడే బళ్ళో వేసేస్తా. తగ్గకపోతే ఇల్లు తప్పు కాదని ఒప్పుకుని తిరిగొచ్చేస్తా."

పిచ్చుక పుట్టిన మూడో నెలనుంచీ నానమ్మ పక్కలోనే పడుకుంటోంది. ఆ పిల్ల కాళ్ళు తన కడుపులో గుచ్చుకోకపోతే ముసలామెకు నిద్రే పట్టదు.

వాళ్ళది పరుపుల ఇల్లు. కింద వీధి గదిలో దూది ఏకే మిషను, పైన రెండు గదులు. అణిగిపోయిన పాత పరుపులు జనం తెచ్చి పడేస్తే, కోడలు వాటి పొట్ట చీల్చి, గడ్డకట్టిన దూదిని మిషనుకు వేసి ఏకుతుంది. నానమ్మ దాన్ని గలేబులో సమంగా పరిచి, దబ్బనంతో కుడుతుంది. ముప్పై ఏళ్ళ చెయ్యి అది. మీ పరుపు మీద పడుకుంటే ఉద్యోగం ఊడేదాకా మెలకువ రాదమ్మా అని ఆఫీసు గుమాస్తా ఒకాయన ఎప్పుడూ హాస్యమాడుతుంటాడు. అలాంటి ఇంట్లో పిల్లకు నిద్ర లేదు.

జలుబు పట్టిన రెండో రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి విని, లోపలేమీ లేదంది. ఉప్పునీటి చుక్కల మందిచ్చి, పడుకునే ముందు ముక్కులో వేయమంది. పక్కటెముకలు లోపలికి లాక్కుపోతున్నా, పెదవులు నీలంగా మారినా ఒక్క క్షణం ఆగకుండా పరిగెత్తుకు రమ్మంది. మొదటిరోజు చుక్కలు వేస్తుంటే పిచ్చుక గింజుకుని, తర్వాత తేరుకుని అడిగింది.

"నా ముక్కుకి దాహం వేసిందా నానమ్మా?"

ఆ మందుతో గంట తెరిపి. తర్వాత మళ్ళీ మొదటికే.

పక్క మెత్తగా లేకే పిల్ల అలా మెసులుతోందని నానమ్మకు తోచింది. వెంటనే తానే ఒక చిన్న పరుపు కుట్టింది. ఒకసారి ఏకిన దూది అందరికీ, రెండుసార్లు ఏకింది పెళ్ళివారికి, మూడుసార్లు ఏకింది మనవరాలికి. ఒంటికి గుచ్చుకోకుండా, వెతికి మరీ నలిగిన పలచటి గుడ్డ తెచ్చి గలేబు చేసింది. రోజూ సాయంత్రం, చలిగాలి రాకుండా కిటికీలు బిగించి, ఆ పరుపును కర్రతో దబదబా కొట్టి పొంగించేది. పిల్లకు ఎంత ఎక్కువ దిబ్బడ వేస్తే మర్నాడు అంత గట్టిగా కొట్టేది.

మొన్న బడిలో పంతులమ్మ ఒక మాట అంది. మీ పిల్ల ఇక్కడ మధ్యాహ్నం చాప మీద ఎంత హాయిగా నిద్రపోతుందో, చప్పుడు చెయ్యదు అని. నానమ్మకు ఒళ్ళు మండింది. పరుపుల ఇంటి పిల్లకు చాప మర్యాద చేస్తారా అని దారి పొడుగునా సణుక్కుంటూ వచ్చింది. ఆ మాటలో ఇంకేమైనా ఉందేమోనని ఆలోచించనే లేదు.

ఇప్పుడు పిచ్చుక ఉలిక్కిపడి లేచి, దగ్గుతో మెలికలు తిరిగిపోయింది. నానమ్మ దీపం వేసి ముందు పెదవులు చూసింది. ఎర్రగానే ఉన్నాయి. చొక్కా ఎత్తి పక్కటెముకలు చూసింది. లాక్కుపోవడం లేదు. అయినా ఈ దగ్గు కోడలి చెవిన పడితే తెల్లారేదాకా కూడా ఆగదనిపించి, దీపం ఆర్పి, పిల్లను భుజాన వేసుకుని తలుపు తీసి, మెట్ల దగ్గరి వసారాలోకి వచ్చి అక్కడి దీపం వేసింది. సాయంత్రం కడిగిన నేల. తీగ మీద ఉతికి ఆరేసిన దుప్పటి ఉంటే లాగి, మడతపెట్టి పరిచి, పిల్లను పడుకోబెట్టింది. చుక్కలు వేసింది. చీమిడి తుడిచింది. వీపు నిమురుతూ కూర్చుంది.

ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఏ చప్పుడూ లేదు.

ఈల లేదు, గరగర లేదు. నానమ్మ గబుక్కున వంగి, పిల్ల ముక్కు కింద వేలు పెట్టింది. వెచ్చగా తగిలింది. ఒకటి. మళ్ళీ ఒకటి. అయిదోది కూడా వచ్చింది, ఆరోదీ వచ్చింది. పిచ్చుక నోరు మూసుకుని నిద్రపోతోంది. పన్నెండు రాత్రుల్లో ఆ నోరు మూతపడటం ఇదే మొదలు.

కప్పడానికి రగ్గు తెద్దామని ఆమె లోపలికి వెళ్ళింది. వసారా దీపం వెలుతురు తలుపు సందులోంచి సన్నగా మంచం మీద పడుతోంది. రగ్గు కోసం వంగుతూ అలవాటుగా పరుపు మీద చెయ్యి ఆనించింది. ఆ వెలుతురు నిండా ధూళి లేచింది. పొడికన్నా సన్నని నూగు, పలచటి గలేబులోంచి ఊరుతున్నట్టు పైకి వచ్చి, దిండు మీద మెల్లగా దిగుతోంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ లేచింది.

ముప్పై ఏళ్ళుగా చూస్తున్న ధూళే. ఆమె ముక్కు దానితో ఎప్పుడో రాజీపడిపోయింది. ఎన్నిసార్లు ఏకితే అంత మెత్తన. ఎంత మెత్తనైతే అంత నూగు. చాప మాట అప్పుడు గుర్తొచ్చింది. నానమ్మ రగ్గు అక్కడే వదిలేసి, తీగ మీది ఉతికిన చీర తెచ్చి పిల్లకు కప్పింది.

తెల్లవారుతుండగా కోడలు వసారాలోకి వచ్చి, నేల మీద ఉన్న పిల్లను చూసి ముఖం చిట్లించింది. తర్వాత వంగి విని, ఇవాళ కాస్త నయంగా ఉంది, ప్రయాణానికి ఫరవాలేదని గొణుక్కుంది. లోపలికి వెళ్ళి చిన్న పరుపును చుట్టి తాడు కట్టడం మొదలుపెట్టింది.

"అదెందుకమ్మా?" అంది నానమ్మ.

"మా అమ్మ వాళ్ళింట్లో ఉత్త చెక్కమంచం. మీరు ఇంత కష్టపడి కుట్టారు, దీని మీదైనా పడుకోనివ్వండి."

తాడు ఒక చుట్టు తిరిగింది. పరుపు వెళ్తే దిబ్బడ కూడా వెంటే వెళ్తుంది. అక్కడా తగ్గదు. వారం తిరక్కుండా కోడలు పిల్లను వెనక్కి తెస్తుంది. ఆమె చెప్పిన మాటే అది, నానమ్మ అబద్ధమేమీ ఆడక్కర్లేదు. ఊరుకుంటే చాలు. తాడు రెండో చుట్టు తిరిగింది. వసారాలో పిల్ల పక్కకు ఒత్తిగిలిన చప్పుడయింది.

"విప్పెయ్యి. దాన్ని పట్టుకెళ్ళకు."

"ఎందుకు?"

"దిబ్బడంతా దాన్లోనే ఉంది. నేను కుట్టిందే."

కోడలు అర్థంకానట్టు చూసింది. నానమ్మ కిటికీ రెక్క తెరిచి, ఆ వెలుగులో పరుపును అరచేత్తో చరిచింది. ఇద్దరి మధ్యా ధూళి పొగలా లేచింది. కోడలు దాన్ని చూసింది, తన చీర కుచ్చిళ్ళకు అంటిన దూదినీ చూసుకుంది. రోజంతా మిషను దగ్గర నిలబడి, ఆ చీరతోనే పిల్లను ఎత్తుకునేది తను కూడా.

"మీరు చెప్పకపోతే నేను దీన్ని మోసుకెళ్ళేదాన్ని అత్తయ్యా."

"తెలుసు."

"తగ్గక, తిరిగొచ్చేదాన్ని."

"అదీ తెలుసు."

కోడలు తాడు విప్పి పక్కన పడేసింది. చీర మార్చుకుని వచ్చి, నిద్ర చెడకుండా పిల్లను భుజాన వేసుకుని సంచీ అందుకుంది. రెండు మెట్లు దిగి ఆగింది.

"మిషను ఇక్కణ్ణించి తీయించి, ఊరి చివర ఏదైనా షెడ్డులో పెట్టించాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"వారం."

"అయితే వారం," అని కోడలు దిగిపోయింది.

నిజానికి పది రోజులు ఎక్కడికీ చాలవు. షెడ్డు దొరకాలి, కరెంటువాడు రావాలి, ఇల్లంతా దులిపి కడగాలి. నానమ్మ కొంగు నడుముకు బిగించి మెట్లు దిగింది.