జారిన స్వరం

కీత్ లంబ్‌కి ముందే తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. నెవిల్ ఓల్డ్‌రాయిడ్ ఈ మాట ఇంగ్లండులోని డ్యూస్‌బరీ ఊళ్లో ఎదురైన ప్రతివాడితోనూ అన్నాడు. విన్నవాళ్లు "పోనీలేరా, ముసలాయన్ని కళ్లారా చూశావుగా" అన్నారు. నెవిల్ వెళ్లింది చూడటానికి కాదు, వినడానికి.

పదహారేళ్లకే బడి మానేసి టైర్ల షాపులో చేరినవాడు నెవిల్. ఇప్పుడు యాభై ఎనిమిది. మోకాళ్లు అరిగాయి, పెళ్లాం వదిలేసి పోయింది. మిగిలినవల్లా గ్రామఫోన్ రికార్డులు. వాటిలో విక్ డన్‌మోర్‌ది ఒకటి, డెబ్బై ఒకటిలో షెఫీల్డ్‌లో జనం ముందు వాయిస్తుండగా రికార్డు చేసింది. రెండో వైపు నెమ్మదిగా సాగే బ్లూస్ పాట ఉంటుంది. మూడో చరణం అయ్యాక విక్ గిటార్ తీగను పైకి లాగుతాడు. వేలు జారి స్వరం సగంలోనే కూలబడుతుంది. ఒక్క క్షణం ఆగి, దాన్నే మళ్లీ పట్టుకుని ఏడిపిస్తాడు. ఆ రికార్డు ఉన్నవాళ్లందరూ ఆ తప్పు కోసమే చెవులు రిక్కించి కూర్చుంటారు. నెవిల్ నలభై ఏళ్లు అలాగే కూర్చున్నాడు. ఎదురుగా మాత్రం ఒక్కసారీ వినలేదు. విక్ వచ్చినప్పుడు డబ్బు లేదు, డబ్బున్నప్పుడు విక్ రాలేదు.

నిరుడు చలికాలం, కార్మికుల క్లబ్బు కార్యదర్శి కీత్ బార్ దగ్గర అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, విక్ డన్‌మోర్ వస్తాడట. ఎనభై ఏళ్లు. ఇక మళ్లీ తిరగడు. అడ్వాన్సు కడదామంటే క్లబ్బులో చిల్లిగవ్వ లేదు. నువ్విస్తే టికెట్ల డబ్బులోంచి తిరిగిచ్చేస్తాం."

"వాయించగలడా?"

"స్టేజీ మీద నిలబడతాడ్రా. ఇంకేం కావాలి నీకు?"

సంతోషంలో నెవిల్ ఆ జవాబును సరిగా పట్టించుకోలేదు. లీడ్స్ నుంచి వ్యాపారిని పిలిపించి రికార్డులన్నీ అమ్మేసి, వచ్చినదంతా కీత్ చేతిలో పెట్టాడు. మనిషే వస్తుంటే రికార్డెందుకు అనుకున్నాడు.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. హాలంతా మాంసం కూరిన రొట్టెల వాసన, ఉడికిన బఠాణీల వాసన. నెవిల్ ముందు వరసలో కూర్చున్నాడు. విక్ తెల్ల జుట్టు వెనక్కి కట్టుకుని, గోడ పట్టుకుని వచ్చాడు. మొదటి పాటలకు గిటార్ మెడలో వేలాడుతూనే ఉంది, వెనక మిగతా వాయిద్యగాళ్లు వాయిస్తుంటే పాడాడంతే. తర్వాత ఆ నెమ్మది పాట మొదలైంది. తీగ పలికేసరికి నెవిల్‌కి ఒళ్లు జలదరించింది. మూడో చరణం అయింది. తీగ లేచింది, జారింది, స్వరం కూలబడింది. జనం కేక పెట్టారు.

నెవిల్ ఒక్కడూ బిగుసుకుపోయాడు. అదే చోట, అదే జారుడు, అంతే విరామం. యాభై ఏళ్ల తర్వాత ఎవడూ అలా జారడు. విక్ చేతికేసి చూశాడు. వేళ్లు శబ్దం వెనకాల, ఒక్క రవ్వ ఆలస్యంగా కదులుతున్నాయి.

పక్కన కూర్చున్నావిడ కళ్లు తుడుచుకుంటూ "అచ్చం రికార్డులాగే ఉంది కదండీ!" అంది.

"రికార్డే," అన్నాడు నెవిల్. ఆవిడ నవ్వింది, జోకనుకుని.

కచేరీ ముగిశాక నెవిల్ వెనక గదిలోకి వెళ్లాడు. బీరు పీపాల మధ్య కుర్చీలో విక్ ఒక్కడే ఉన్నాడు.

"ఆ జారేచోట మీ చెయ్యి వెనకబడింది," అన్నాడు నెవిల్.

విక్ బుకాయించలేదు. "ఆ టేపు పెట్టుకుని ఎన్నో ఊళ్లు తిరిగాను నాయనా. ఒక్కడూ పట్టుకోలేదు." చేతులు చూపించాడు. వేళ్ల కణుపులు వాచి, ఒక్కోటి ఒక్కో వైపుకి తిరిగి ఉన్నాయి.

"ఇప్పుడు, ఇక్కడ, ఒక్కసారి. ఎంత చిన్నదైనా సరే."

"వద్దయ్యా. ఉన్నది కూడా చెడుతుంది."

"చెడితే చెడనివ్వండి."

విక్ గిటార్ ఒళ్లోకి తీసుకున్నాడు. నాలుగు స్వరాలు. మొదటిది బొంగురుగా వచ్చింది, రెండోది తప్పు, మూడోది వినబడలేదు, నాలుగోదాని దగ్గర చెయ్యి పట్టేసింది. నలభై ఏళ్లుగా నెవిల్ ఎదురుచూసింది అదీ.

"నిజం చెప్పు. ఎలా ఉంది?"

నెవిల్‌కి అబద్ధమాడే ఓపిక లేకపోయింది. "టేపే నయం."

"నేనూ అదే అంటాను," అని విక్ గిటార్‌ని పెట్టెలో పెట్టాడు. గొళ్లెం వెయ్యడానికి వేళ్లు వంగలేదు. నెవిలే వేశాడు.

హాల్లో కీత్ కుర్చీలు మడుస్తున్నాడు.

"నీకు తెలుసు కదరా?"

"విక్ ఏజెంటు ఫోన్లోనే చెప్పాడు. నీకు చెబితే డబ్బిచ్చేవాడివా?"

"ఇచ్చేవాణ్ణి కాదు."

"మరి? నూట అరవై మంది హాయిగా ఇంటికెళ్లారు. చెవులేసుకొచ్చింది నువ్వొక్కడివే. ఇదిగో, ఆ చివర పట్టుకో, బల్ల జరుపుదాం."

నెవిల్ పట్టుకోలేదు. టికెట్ల మీద వచ్చిందంతా మిగతా వాయిద్యగాళ్లకే చాల్లేదని కీత్ వెనకనుంచి అరిచి చెప్పాడు. ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే ఖాళీ అలమర ముందు కూర్చున్నాడు నెవిల్. పోయినవి రెండు వందల ఎనభై ఏడు రికార్డులు, వాటికొచ్చిన తొమ్మిది వందల నలభై పౌండ్లు.