పన్నెండింటి వేలిముద్ర

పొద్దున్నే వదిన పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని ఫ్యాక్టరీ కోటు ఉతుకుతోంది. నిన్న రాత్రి అది వేసుకుని గేటు దాకా వెళ్లింది. లోపలికి రానివ్వలేదు. చెమటైనా పట్టని కోటును ఆమె ఉతకడం ఆడపడుచు గట్టు మీంచి చూస్తోంది.

ప్యాకింగులో రాత్రి షిఫ్టు ఆడవాళ్లు పదకొండింటికి గేటు దగ్గరి హాజరు మిషన్ మీద వేలు ఒత్తి లోపలికి వెళ్తారు, పొద్దున ఏడింటికి ఒత్తి బయటికి వస్తారు. అయినా వాళ్ల గంటలు సున్నాగానే పడేవి. మిషన్ అబద్ధమాడదన్నారు పైవాళ్లు. చివరికి ఆడవాళ్లే ఒక ఉపాయం కనిపెట్టారు. పన్నెండు కొట్టేముందు గేటుకు పరిగెత్తి బయటికని ఒకసారి, కొట్టాక లోపలికని ఒకసారి ఒత్తితే గంటలు పడతాయి. ఎందుకో వాళ్లకు తెలియదు. పని వదిలి తిరుగుతోందని ఇప్పుడు వదినను ఆపేశారు.

ఎందుకో ఆడపడుచుకు తెలుసు. ఆమె ఆ ఫ్యాక్టరీ ఆఫీసులోనే కంప్యూటర్ పని చేస్తుంది. కంప్యూటర్‌లో గంటలు లెక్కగట్టే ఆదేశం, క్వెరీ, తేదీని చూడదు, గడియారాన్నే చూస్తుంది. రాత్రి పదకొండును ఇరవై మూడుగా తీసుకుని, ఏడులోంచి ఇరవై మూడు తీసేస్తుంది. మైనస్ వస్తే సున్నా వేయమని ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. అర్ధరాత్రికి అటూ ఇటూ విడిగా ఒత్తితే మైనస్ రాదు. నిన్న ఆమె తేదీ కూడా కలిపి నడిపింది. అందరికీ ఎనిమిదేసి గంటలు పడ్డాయి.

గుమ్మంలో అన్న గడ్డం గీసుకుంటున్నాడు.

"తప్పయిందని ఒక్క మాట అనెయ్యి. నోటి ముత్యాలేం రాలిపోవుగా" అన్నాడు వదినతో.

"పరిగెత్తకపోతే పనికి రాలేదంటారు, పరిగెత్తితే పారిపోయానంటారు. ఈసారి కాళ్లు ఇంట్లో పెట్టి వెళ్తాలే" అంది వదిన.

ఆడపడుచు ఫోన్ మోగింది. ఫ్యాక్టరీ ఆఫీసరు. ఆయన గొంతు పెరడంతా వినిపిస్తోంది.

"ఏమ్మా, క్వెరీ మార్చావట. పాతది పెట్టెయ్."

"పాతది తప్పండి."

"నాకు తెలీదా? ఇది సరిచేస్తే వెనకటి నెలల జీతాలన్నీ తవ్వాలి. పాతది పెట్టు, మీ వదినను రాత్రికి రమ్మను."

"మిగతావాళ్లో?"

"వాళ్ల గొడవ నీకెందుకు?"

అన్న రేజరుతోనే ఒప్పుకోమని సైగ చేశాడు. ఆడపడుచు వదిన వైపు చూసింది. వదిన తల ఎత్తలేదు. కోటు మీద ఆమె చేతులు మాత్రం ఆగాయి.

"నేను పెట్టనండి" అంది ఆడపడుచు.

"నీ ఉద్యోగం కూడా పోతుంది, తెలుసా?"

అన్న ఏదో అనబోయి, సబ్బు నోట్లోకి పోయి ఉమ్మాడు.

వదిన కోటు పిండింది. దండెం మీద వేయలేదు. తడిదే తొడుక్కుంది. రాత్రి షిఫ్టు ఆడవాళ్లు గేటు బయటికి వచ్చే వేళయింది. చెప్పులేసుకుని, వాళ్లకు ఎదురుగా ఫ్యాక్టరీ వైపు నడిచింది.