నల్ల చిగురు

రెండు వారాలుగా నాకు ఒకటే బెంగ. పళ్ల డాక్టరు కుర్చీలో పడుకున్నాక నోట్లోంచి కేక వస్తే?

రెండేళ్ల కిందట నా ముందు పన్ను ఊడితే, థియెస్ పట్నంలో డాక్టర్ ఫాయ్ ఎముకలోకి స్క్రూ దింపి కొత్త పన్ను బిగించాడు. ఇప్పుడు దాని మీది చిగురు పైకి జారిపోయి, బూడిదరంగు లోహం బయటపడింది. అంగిట్లోంచి పల్చటి ముక్క కోసి అక్కడ పెట్టి కుట్టాలట. వదిలేస్తే పన్నుకే ఎసరొస్తుందన్నాడు. ముక్క గులాబీరంగులో ఉంటుంది, నీ చిగురేమో నలుపు, అతుకు కనిపిస్తుంది, పర్వాలేదా అని అడిగాడు. పర్వాలేదన్నాను. అసలు భయం ఆయనకెలా చెప్పను?

మా నది ఒడ్డు ఊళ్లలో ఆడపిల్లకి చిగుళ్లు నల్లగా ఉంటేనే నవ్వుకి అందం. సూదులు కట్టగా కట్టి చిగుళ్లలో పొడుస్తూ మసి అద్దుతారు. మేనత్తలు చుట్టూ కూర్చుని పాడతారు. పిల్ల మాత్రం కిక్కురుమనకూడదు. మా అక్క రమాతా పదహారేళ్లప్పుడు సగంలో గావుకేక పెట్టి, సూదులామె చెయ్యి కొరికి పారిపోయింది. అమ్మ తలెత్తుకోలేకపోయింది. వెంటనే అదే చాప మీద నన్ను కూర్చోబెట్టారు. నాకు పద్నాలుగు. నోరు మెదపలేదు. ఇంటి పరువు నిలబెట్టానని మేకని కోశారు. ఇప్పటికీ పెళ్లిళ్లలో అక్కని సగం చిగురు అని ఏడిపిస్తారు. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది నేనే.

అలాంటి నేను ఫాయ్ ముందు కేక పెడితే ఇంకేమన్నా ఉందా? అతను సెరేర్, మేము తుకులోర్లం. రెండు జాతులకీ తాతల నాటి నుంచి వేళాకోళం, ఒకరినొకరు బానిసలని, తిండిపోతులని ఏడిపించుకుంటారు. ఊరంతా చెప్పుకుని నవ్వుతాడు. తోడు రావడానికి అక్క తప్ప ఎవరికీ తీరిక లేకపోయింది. ఆపరేషన్ రోజు ఆమె నా కాళ్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది.

"నొప్పేస్తే ఎడమ చెయ్యి ఎత్తమ్మా," అన్నాడు డాక్టరు మత్తు సూది ఇచ్చి. "మీరు మా బానిసలేగా, యజమాని ముందు ఏడిస్తే సిగ్గేం లేదు."

"అన్నం గిన్నె కనిపిస్తే దారి మర్చిపోయే సెరేర్లా నాకు యజమానులు?" అన్నాను. నవ్వాను కూడా.

మొదట ఏమీ తెలియలేదు. ముక్క సగం తెగాక, అంగిట్లో ఒక మూలకి మత్తు ఎక్కలేదని తెలిసింది. నిప్పుకణిక పెట్టినట్టయింది. కదలొద్దు, ముక్క చిరిగితే మళ్ళీ అక్కడ తీయడానికి నెలలు పడతాయి అంటున్నాడాయన. చెయ్యి ఎత్తితే చాలు. ఎత్తలేకపోయాను. గొంతు దాకా వచ్చిన కేకని మింగుతున్నాను, అది మళ్ళీ వస్తోంది. ఇంకొక్కసారి వస్తే ఆపలేనని తెలుసు. అంత భయం నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

"డాక్టరుగారూ, ఆపండి," అంది అక్క.

కత్తి ఆగింది. నొప్పిగా ఉందా అని ఆయన నన్ను అడిగాడు. లేదని తల ఊపాను.

"అబద్ధం," అంది అక్క. "కాలి వేళ్లు చూడండి, ఎలా ముడుచుకుందో. ఆ రోజు చాప మీద కూడా ఇలాగే ముడుచుకుంది. పారిపోయినా, కిటికీలోంచి చూశాను. నేను అరిచాను కాబట్టి నన్ను వదిలేశారు. ఇది అరవలేదు, వదల్లేదు."

డాక్టరు వేళాకోళం ఆడలేదు. నువ్వు ఒక్కసారి ఉలిక్కిపడి ఉంటే ముక్కా పోయేది, పన్నూ పోయేదని గట్టిగా మందలించి, ఇంకో సూది వేశాడు. కాసేపాగి, ఇప్పుడెలా ఉందని అడిగాడు.

"భయంగా ఉంది," అన్నాను. ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదలు. తర్వాత ఏడుపొచ్చింది. చిన్నగా కాదు, బయట వరండాలో కూర్చున్నవాళ్లు లేచి చూసేంత. ఆయన ఊరుకోబెట్టబోయాడు.

అక్క నా పాదాలు రెండూ ఒళ్లోకి తీసుకుంది.

"ఏడవనివ్వండి," అంది. "అప్పుడు దీన్ని ఏడవనివ్వలేదు."