ముందు చక్రాల బరువు

దవడ విరిగినప్పుడూ ఇదే చప్పుడు, అనుకున్నాడు డెల్మర్ పికప్ కింద వెల్లకిలా పడుకుని, టప్పుమని పొడిగా, ఎండుకొమ్మను మోకాలికేసి విరిచినట్టు, ముందు చక్రాలను తిప్పే టై రాడ్ కీలు మీద కొట్టకూడదు, అది కూర్చున్న గూడు మీద పక్కనుంచి కొట్టాలి, రెండు, మూడు, నాలుగో దెబ్బకు అదే ఊడి కింద పడుతుంది, మనిషైనా అంతే, ఎక్కడ కొట్టాలో తెలియాలి, ఏప్రిల్‌లో ఆస్పత్రి నడవాలో కోల్బీని ఒక్క దెబ్బే కొట్టాడు, చెల్లెలి మొగుడని చూడలేదు, నుదుటి మీద పదకొండు కుట్లతో నిలబడ్డవాడని చూడలేదు, తన పిడికిలే వాచి రెండు వారాలు పానా పట్టలేకపోయాడు, అయినా చాల్లేదు, ఏడు నెలలైనా చాల్లేదు, చెల్లెలు నీవా మట్టిలో ఉంది, వీడేమో బండి పక్కన నిలబడి కాఫీ ఊదుకుంటూ తాగుతున్నాడు, కింద నుంచి బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి, ఎడమ మడమ అరిగిపోయింది, చేతిలో నాలుగు పౌన్ల సుత్తి ఉంది, ఆ మడమ ఎంత, గుడ్డు పెంకంత.

బావా, పాత రాడ్డు మరీ ఇంత సన్నమా, నా బొటనవేలు నయంలా ఉందే, అన్నాడు కోల్బీ, నీ బుర్ర కంటే గట్టిదేలే, అన్నాడు డెల్మర్, అందులో అనుమానమేముంది, అని వాడు నవ్వాడు, ఒకవైపే నవ్వుతాడిప్పుడు, విరిగిన దవడ వంకరగా అతుక్కుంది, నెబ్రాస్కాలో ఎవరిదో పశువుల దొడ్డిలో పని దొరికిందట, మూడు గుర్రాల్నీ ట్రెయిలర్‌లో ఎక్కించుకుని వచ్చాడు, రెండు నీవావే, కనుమ దాటాలి, కమాను పట్టీలు మందంవి వెయ్యి, స్టీరింగు రాడ్లు లావువి వెయ్యి, గాలి తిత్తులు పెట్టు బావా, అన్నాడు, ఇంకెవరూ దొరకలేదా నీకు అంటే, నీ చేతి పనే కావాలన్నాడు, సిగ్గూ శరమూ లేని జన్మ, చంపినవాడు చచ్చినదాని అన్న దగ్గరికే వచ్చి నన్ను జాగ్రత్తగా పంపు అంటాడు, పట్టీలు మార్చాడు, షాకులు మార్చాడు, వెనక తిత్తులు బిగించి గాలి గొట్టం లాగాడు, పళ్ళు కొరుకుతూనే, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి, చేతులకు పగ ఉండదు కాబోలు.

నీవా పోయిన రోజు ఎల్క్‌హార్న్ దిగుడులో మంచు లేదు, ఎదురుగా బండి లేదు, పట్టపగలు, వెనక ట్రెయిలర్ కుక్కతోకలా ఊగిందట, ఊగి ఊగి పికప్‌నే పక్కకు ఈడ్చిందట, డెల్మర్ వెళ్ళేసరికి నీవా మీద కంబళి కప్పి ఉంది, ఒక చెయ్యి బయటే ఉంది, ట్రెయిలర్ రేకు చీలి దాంట్లో ఎర్రగుర్రం ఇరుక్కుని అరుస్తోంది, కాళ్ళు రెండూ విరిగి, షెరీఫ్ మనిషి తుపాకి చేతికిచ్చి నువ్వే చెయ్యవయ్యా, నీ చెల్లెలి గుర్రం, అన్నాడు, చెవి కింద పెట్టి కాల్చాడు, వెచ్చటి నెత్తురు మోచేతి దాకా చిమ్మింది, పక్కన రాతి మీద కోల్బీ కూర్చుని ఉన్నాడు, బతికి, ఇంకో తూటా ఉంది, దాన్ని వాడాల్సింది, ఆ రోజు వాడని తూటా ఇన్నాళ్ళూ కడుపులోనే తుప్పు పడుతోంది, ఎంత వేగంగా తోలావురా అంటే మామూలుగానే అన్నాడు, అబద్ధం, మామూలుగా తోలితే మనిషి చావదు.

కొత్త కీలు గూట్లో కూర్చోబెట్టాడు, నట్టు వేళ్ళతో తిప్పాడు, తిరిగింది, ఆగింది, పానా పక్కనే ఉంది, తీసుకోలేదు, నట్టు ఊడకుండా దూర్చే పిన్ను, వరిగడ్డి పరకంత ఇనుప పిన్ను, తీసి జేబులో వేసుకున్నాడు, కాసేపు ఆ బిగువుతోనే నడుస్తుంది, కనుమ ఎక్కేదాకా నడుస్తుంది, దిగుడులో గతుకులకు నట్టు ఒక్కో చుట్టూ వదులవుతుంది, కీలు జారుతుంది, కుడి చక్రం కుడికీ ఎడమ చక్రం ఎడమకీ పోతాయి, వాడి చేతుల్లో స్టీరింగు చక్రం ఉత్తినే తిరుగుతుంది, వాడి మొహం అద్దానికి కొట్టుకుంటుంది, ఈసారి పదకొండు కుట్లతో పోదు, మరి గుర్రాలు, నీవా గుర్రాలు, పోనీ, అవీ పోనీ, అయిందా బావా, అన్నాడు కోల్బీ, అయింది, అన్నాడు డెల్మర్.

పెరట్లో ట్రెయిలర్ కొండి తగిలించారు, ముగ్గురు మనుషులెక్కిన మంచంలా పికప్ వెనక కుంగింది, డెల్మర్ అలవాటుగా తిత్తుల్లోకి గాలి కొట్టాడు, వెనక లేచింది, లేచి నేలకు సమానంగా నిలిచింది, నాలుగడుగులు దూరం జరిగి ఒక కన్ను మూసి చూసుకున్నాడు, ఎప్పుడూ అంతే, ఈ చుట్టుపక్కల అందరూ అంతే, వెనక సరిగ్గా నిలిస్తే బండి సరిగ్గా ఉన్నట్టే, ఇక పో, అన్నాడు, కోల్బీ పోలేదు, జేబులోంచి టేపు తీసి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు, నేల నుంచి చక్రం మీది రేకు రెక్క అంచు దాకా పట్టాడు, ట్రెయిలర్ తగిలించకముందు ముప్పై ఎనిమిది అంగుళాలు బావా, ఇప్పుడు ముప్పై తొమ్మిదిన్నర, అన్నాడు, అయితే ఏమైంది, వెనక సాపుగానే ఉందిగా, అన్నాడు డెల్మర్, వెనక కాదు బావా, ముందు, ముందు చక్రాల మీద బరువు లేదు, గాలి వెనకను ఎత్తిందే గాని పోయిన బరువును ముందుకు తేలేదు, అని కోల్బీ తిత్తుల్లో గాలి సగం వదిలేసి, ట్రెయిలర్‌కి పికప్‌కి మధ్య బరువు పంచే ఉక్కు కమ్ములు బిగించాడు, మళ్ళీ కొలిచాడు, ముప్పై ఎనిమిదింపావు, రెక్క దిగింది, డెల్మర్ కళ్ళముందే దిగింది, టైరు కాస్త వెడల్పై నేలను పట్టుకుంది, ఇప్పుడు స్టీరింగు చేతికి తెలుస్తుంది, ఇందాకటి లెక్కన పోతే దిగుడులో పడవ తెడ్డులా తేలిపోతుంది, వెనక ట్రెయిలర్ ఊగితే ఇక ఆపలేం, అన్నాడు కోల్బీ టేపు చుడుతూ.

ఎవరు చెప్పారు నీకు, అన్నాడు డెల్మర్, రోడ్డు పోలీసాయన, విరిగిన బండిని కొలుచుకుని వచ్చి చెప్పాడు, ఎప్పుడు, ఆస్పత్రిలోనే, నువ్వు కొట్టిన మర్నాడు, మరి నాతో చెప్పి ఏడవలేకపోయావా, దవడ తీగలేసి కట్టేశారు గదా బావా, ఆరు వారాలు గొట్టంతో గంజి తాగాను, తీగలు విప్పేసరికి చెప్పబుద్ధి కాలేదు, అప్పుడూ గాలి తిత్తులు పెట్టమని అడిగింది నేనే గదా, అన్నాడు, అని గుర్రాలకు నీళ్ళు చూడ్డానికి వెనక్కి పోయాడు, డెల్మర్ మళ్ళీ బండి కింద దూరాడు, మళ్ళీ ఏంటి బావా, అన్న మాట వినపడింది, ఒక నట్టు చూడాలి, అన్నాడు, పానా వేసి భుజం నరాలు తెగేలా బిగించాడు, పిన్ను దూర్చి రెండు కొనలూ వంచాడు, మార్చి నెలాఖరున ఇదే పెరట్లో, ఇదే గాలి గొట్టంతో, చెల్లెలు ఎక్కే బండి కదా అని ఇంకాస్త, ఇంకాస్త అని తనే గాలి కొట్టాడు, వెనక లేచింది, కన్ను మూసి చూసుకుని మెచ్చుకున్నాడు, నీవా చప్పట్లు కొట్టింది, ఇవాళ చంపుదామని ఇనుము కింద పడుకున్నాడు గాని, తన చేత్తో జరగాల్సిన చావు అప్పుడే జరిగిపోయింది.